నేను రాయని రెండు పేజీలు

పియానో వాయించేటప్పుడు కాగితం ఎదురుగా పెట్టుకోవాల్నా, కంఠస్థం చేసి వాయించాల్నా అని మొన్న ఒక కాలేజీ అమ్మాయి నన్ను అడిగింది. ఆమెకు అసలు కాగితమే లేదు. తెర మీద స్వరాలు కనపడతయి, కాలితో ఏదో తొక్కితే పేజీ దానంతట అదే తిరుగుతది. ఏండ్ల తరబడి జీతం తీసుకొని నేను చేసిన పని ఇప్పుడు కాలు చేస్తున్నది. నాకేం బాధ లేదు. కాలు నాకన్నా నయం, మధ్యలో తుమ్మదు.

ఆమెకు అప్పుడు సరిగ్గ జవాబు చెప్పలేదు. ఆ ప్రశ్నకు జవాబు నేను ఒకసారి నిలబడి విన్న. అది చెప్పాలంటే కొంచెం టైమ్ పడుతది. విన్నంక మీరు నమ్మకపోయినా నేనేమీ అనుకోను. నేను కూడా వారంల నాలుగు రోజులే నమ్ముత.

డెబ్బయ్యో దశకంల, పాతబస్తీలో, శాలిబండ నుంచి లోపలికి పోతే ఒక దేవిడీ, అంటే నవాబుల నాటి పాత బంగళా, ఉండేది. దాన్ని కిరాయికి తీసుకొని ఒక మిషన్ వాళ్ళు ఆడపిల్లల స్కూలు నడిపేవాళ్ళు. అందులో నేను గుమాస్తా. బి.ఏ. చదివినోడు గుమాస్తా అయితే అప్పట్లో అదృష్టం అనేవాళ్ళు. దేవిడీతో పాటు ఒక పియానో కూడా కిరాయికి వచ్చింది. అది ఉన్న గది తలుపు పియానో కన్నా జానెడు చిన్నది. లోపలికి ఎట్ల వచ్చిందో ఎవరికీ తెలియదు. బయటికి పోదు గనక మ్యూజిక్ క్లాసు పెట్టిండ్రు.

క్లాసు చెప్పేది ఒక పెద్దావిడ. అందరం మేడమ్ అనే పిలిచేవాళ్ళం. సన్నగా, పొడుగ్గా, గంట కొట్టకముందే వచ్చి నిలబడే మనిషి. చిన్నప్పుడు బగ్గీ తలుపులో పడి ఆమె ఎడమచేతి చిటికెనవేలు నలిగిపోయింది. ఆ వేలు చాచరాదు. అందుకని ఎడమచేత్తో మూడు స్వరాలు ఒక్కసారి పట్టాల్సిన చోట, ముందు కింది స్వరం తాకి, అర క్షణం ఆగి, మిగతా రెండూ పట్టేది. తలుపు తట్టి లోపలికి వచ్చినట్టు ఉండేది. ఆఫీసు గదిలో కూర్చొని గోడ అవతల నుంచి వింటే కూడా, వాయిస్తున్నది పిల్లలా మేడమా అని ఆ తట్టుడును బట్టే చెప్పగలిగేవాణ్ణి.

మా నాయన చర్చిలో హార్మోనియం వాయించేటోడు గనక నాకూ కొంచెం చెయ్యి తిరిగేది. స్కూలు వదిలినంక మేడమ్ దగ్గర పియానో నేర్చుకున్న. విలాయతు నుంచి ఏడాదికొకసారి ఒక పరీక్షాధికారి వచ్చి సర్టిఫికెట్ పరీక్ష పెట్టేవాడు. ఆ పరీక్షకు నేనూ కూర్చున్న. మేడమ్ కంఠస్థం చెయ్యమన్నది. నేను కాగితం మనిషిని. కాగితం మీద లేంది నా దృష్టిలో జరగలేదు. స్టాండ్ మీద కాగితాలు పెట్టుకొని మొదలుపెట్టిన. మూడో వరుసలో ఉండంగ పైన ఫ్యాన్ గాలికి కాగితాలు ఎగిరినయి. వాటితో పాటు నేనూ ఎగిరిన.

బయటికి వచ్చినంక మేడమ్ ఒక్క మాటే అన్నది. "కాగజ్ నౌకర్ హై బాబూ, మాలిక్ నై." కాగితం పనోడట, యజమాని కాదట. మరుసటి ఏడు పేపర్‌వెయిట్లు పెట్టుకొని పోయి, వేరే కారణంతో మళ్ళీ ఫెయిలయిన. అది ఇక్కడ అవసరం లేదు.

ఒక వానాకాలం మేడమ్ కన్నుమూసింది. హెడ్మిస్ట్రెస్ నన్ను పిలిచి, "నీకు సగం వచ్చు గద, పిల్లలకు కావాల్సింది సగమే" అని క్లాసు నాకప్పజెప్పింది. గుమాస్తాగిరీ అట్లనే ఉంది. ఇది తాత్కాలికం అని కూడా చెప్పింది. మా స్కూల్లో తాత్కాలికం అంటే ఆరేడేండ్లు.

మేడమ్ పోయిన రెండేండ్లకు ఒక అమ్మాయి తొమ్మిదో తరగతిలో చేరింది. ఈ రెండేండ్ల ముక్క గుర్తు పెట్టుకోండి. అడ్మిషన్ రిజిస్టర్ తీసి ఎన్నిసార్లు చూసుకున్ననో లెక్క లేదు. ఇల్లు కార్వాన్‌లో. తండ్రి బస్ డిపోలో మెకానిక్. తల్లి లేదు, నాయనమ్మ ఉన్నది. ఆ పిల్ల చేతులు పెద్దవి, వేళ్ళు పొడుగు. ఇంటర్ అయిపోయేసరికి నాకు వచ్చిన సగం మొత్తం నేర్చుకొని, ఇంకేముందని నా ముఖం చూసేది.

అప్పుడే మిషన్ నుంచి ఉత్తరం వచ్చింది. సర్టిఫికెట్ ఉన్న టీచరు లేకుండ మ్యూజిక్ క్లాసు నడపరాదు, వచ్చే ఏడాదికి ఎవరూ లేకుంటే గదికి తాళం వెయ్యాలె. హెడ్మిస్ట్రెస్ ఆ అమ్మాయిని పిలిచి, పరీక్ష పాసయితే ఉద్యోగం నీదే అన్నది. ఫెయిలయితే ఏమవుతదో వాళ్ళ నాయన నాకు చెప్పిండు.

"బేగంబజార్ల ఒక సేఠ్‌తోని మాట్లాడిన సార్. పప్పులు పొట్లాలు కట్టే పని. నాకింక రెండేండ్ల నౌకరే ఉన్నది, ఎన్ని దినాలు కూసోబెడ్త? గీ పరీక్ష అయితే సరే, లేకుంటె గా దుకాణం."

"పాసవుతది" అన్న.

"మీరు పాసయిండ్రా సార్?"

"నేను పాసు కానందుకే ఈ ఉద్యోగం ఖాళీగున్నది."

ఆయన నవ్వలేదు. మెకానిక్కులు ఊరికే నవ్వరు.

పరీక్షకు వాయించాల్సిన పెద్ద పాట, నేనెన్నడూ విననిది, మేడమ్ పాత పుస్తకంలో ఉంది. ఊర్ల అదొక్కటే ప్రతి. పుస్తకం పిల్లలకివ్వరాదు, చేత్తో రాసి ఇవ్వాలె, అది మేడమ్ పెట్టిన నియమం. స్వరాలు రాసే ఐదు గీతల కాగితం మన దగ్గర దొరకదు. నేను బేగంబజార్‌లో ఒక ఇత్తడి పనాయన దగ్గర ఐదు పాళీలున్న కలం చేయించుకున్న. ఒక్కసారి లాగితే ఐదు గీతలు పడతయి. "ఏక్ లకీర్ సే కామ్ నై చల్తా క్యా సాబ్?" అని అడిగిండు ఆయన. ఒక్క గీతతో పని నడిచే ఉద్యోగం కాదని చెప్పిన.

మ్యూజిక్ గదికి చెదలు పట్టేది. వానాకాలం వస్తే పుస్తకాల అంచులకు ఎర్రమట్టి కట్టేది. దులుపుకుంట, తుడుచుకుంట వారం రోజులు కూర్చొని ఆ పాట ఎత్తిరాసిన. నా రాత మంచిగుంటది, దాచుకోవడమెందుకు. అమ్మాయి దాన్ని చూసి అచ్చు వేసినట్టే ఉన్నది సార్ అన్నది. పాట హుషారుగా మొదలై, హుషారుగా నడిచి, హుషారుగా అయిపోతది. ఇంత హుషారు దేనికని నాకు అనిపించింది గాని, రాసినాయన ఎక్కడో చల్లటి దేశపాయన, ఒళ్ళు వెచ్చబడాలె గద అనుకున్న.

ఆమె ఇంట్లో పియానో లేదు. వాళ్ళ నాయన మా స్కూలుకొచ్చి, ఇంచు టేపుతో పియానో మెట్లు కొలుచుకొని పోయి, డిపోలో సామాను వచ్చే చెక్కపెట్టెలు విప్పి ఒక పలక చేసిండు. పొడుగాటి పలక, దాని మీద బస్సుల రంగుతో తెల్ల మెట్లు, నల్ల మెట్లు. నొక్కితే చప్పుడు రాదు. వేలు తాకిన టకటక తప్ప. ఆమె పొద్దునా సాయంత్రం దాని మీదనే సాధన చేసేది.

ఒక ఆదివారం నేను చూసేతందుకు కార్వాన్ పోయిన. పలకకు వేరే జాగా లేక నాయనమ్మ పండుకున్న నులకమంచం పట్టె మీద ఒక కొన, గూట్లో ఒక కొన ఆనించి పెట్టిండ్రు. కాగితం పెట్టేతందుకు చోటు లేదు. కంఠస్థంగనే కొడుతున్నది. పలక మీద వేళ్ళ చప్పుడు నాకు వానచుక్కల లెక్కనే వినిపించింది, పాటేదో పోల్చుకోరాలేదు. కాగితం మనిషిని గద.

నాయనమ్మకు రెండు చెవులూ పోయినయి. నన్ను చూసి గట్టిగ చెప్పింది. వినపడనోళ్ళు అందరూ మనకే వినపడదనుకుంటరు.

"చెవులు పోయినయి బిడ్డా. బొక్కలకు ఇనవడ్తది. మంచం కోడు పట్టుకొని పండుకుంట. అంత గుర్రమురికినట్టు ఉరుకుతది గని, మధ్యల మెల్లగొస్తది సూడు, గది నాకు మస్తు మంచిగనిపిస్తది. ఎవలో తలుపు కాడికొచ్చి నిలవడ్డట్టు."

ఎముకలకు వినపడుతదట. నేను తల ఊపిన. పాటలో మెల్లగ వచ్చే చోటు ఎక్కడా లేదు. ముసలామెతో వాదన దేనికి, అదీ చెవులు లేనామెతో.

స్కూల్లో మాత్రం నా నియమం నాది. పియానో ముందర కూర్చుంటే కాగితం ఉండాల్సిందే. నేను పక్కన నిలబడి పేజీ తిప్పేవాణ్ణి, ఆమె నేను రాసింది రాసినట్టు వాయించేది. పరీక్షకు వారం ముందు మా ఇద్దరికీ కొంచెం లొల్లి అయింది.

"పరీక్షల కాగితం వద్దు సార్. ఇంటికాడ కాగితం లేకుంటనే మంచిగొస్తది."

"ఫ్యాన్ గాలికి నా గతి ఏమైందో తెలుసు గద?"

"కాగితం ఉన్నందుకే ఎగిరింది గద సార్."

దీనికి బి.ఏ.లో జవాబు చెప్పలేదు. చూద్దాంలే అన్న.

పరీక్ష పొద్దున పదింటికి. తొమ్మిదింటికి పుస్తకం తుడుస్తున్న. పరీక్షాధికారి ముందర అచ్చు పుస్తకం పెట్టాలె, ఆయన చూసుకుంట వింటడు. ఇంత మట్టి ఉంటే ఏమనుకుంటడని తడిగుడ్డతో అంచు రుద్దిన. నలభై ఒకటో పేజీ ఆకు రెండుగా విడిపోయింది.

చెదల మట్టి రెండు ఆకులను ఒక్కటి చేసింది. నేను ఒక్క ఆకు అనుకొని తిప్పిన. లోపల నలభై రెండు, నలభై మూడు పేజీలున్నయి. పైన రాసి ఉంది, మెల్లగ వాయించాలని. మొత్తం పాటకు గుండెకాయ అక్కడున్నది. మూడు స్వరాలు కలిపి పట్టే ప్రతి పెద్ద కూర్పు ముందరా మేడమ్ పెన్సిల్‌తో చిన్న వంకర గీత పెట్టుకున్నది, ముందు కింది స్వరం తట్టాలని. పేజీల అంకెలు నేను చూసుకోలేదు. నలభై ఒకటి తరువాత నలభై నాలుగు వస్తే అనుమానించాలని ఏ యూనివర్సిటీలో చెప్తరు, ఒకటో తరగతిలో చెప్తరు.

గేటు కాడికి ఉరికిన. అమ్మాయి, వాళ్ళ నాయన నిలబడి ఉన్నరు. ఆయన ఉతికిన ఖాకీ వేసుకొని, డ్యూటీకి సెలవు పెట్టి వచ్చిండు. చెప్పాలని నోరు తెరిచిన. గంట కూడా లేదు. రెండు పేజీలు ఆ గంటలో ఎవరికీ రావు. చెప్తే వచ్చిన పాట కూడా పోతది. బుర్రలో ఒకటే తోచింది. కాగితం చూసి వాయిస్తే, రెండు పేజీలు లేకపోవుడు కాగితం తప్పు, అంటే నా తప్పు. పరీక్షాధికారికి నా రాత చూపించి కాళ్ళ మీద పడొచ్చు. కంఠస్థంగా వాయిస్తే అది ఆమె మరిచిపోయినట్టు.

"కాగితం పెట్టుకోని వాయించు. నా మాట విను" అన్న.

"ఏమైంది సార్, గట్ల చెమట పట్టింది?"

"ఏం కాలేదు. పెట్టుకో."

హెడ్మిస్ట్రెస్ పిలిచింది. లోపలికి పోయినం. పరీక్షాధికారి ఎర్రటి ముఖం, చల్లటి కళ్ళ మనిషి. మేడమ్ పుస్తకం ఆయన ముందర తెరిచి ఉంది. పేజీ తిప్పేవాడి హోదాలో నేను పియానో పక్కన నిలబడి నా కాగితాలు స్టాండ్ మీద పెట్టిన. అమ్మాయి కూర్చున్నది, కాగితాలు చూసింది, వాటిని తీసి మడతపెట్టి నా చేతికిచ్చింది. నవ్వింది కూడా. పరీక్ష గదిలో మాట్లాడరాదు. తిప్పేతందుకు ఏమీ లేని పేజీ తిప్పేవాణ్ణి, అట్లనే నిలబడ్డ.

మొదటి భాగం మంచిగ వచ్చింది. నలభై ఒకటో పేజీ ఆఖరి వరుస. నేను అతుకు వేసిన చోటు దగ్గరపడుతుంటే నా బూట్ల దిక్కు చూసిన. ఇక హుషారుగా నలభై నాలుగులోకి దూకుతది, పరీక్షాధికారి కళ్ళెత్తుతడు, బేగంబజార్‌లో ఒక సేఠ్‌కు పొట్లాలు కట్టే మనిషి దొరుకుతది.

దూకలేదు. ఆగింది.

గదిలో చల్లగయింది అనను. వాసన వచ్చింది అనను. అవన్నీ ఏమీ కాలేదు. ఎండ కిటికీలోంచి ఎప్పటిలెక్కనే నేల మీద పడి ఉంది, బయట సోడా బండాయన అరుస్తున్నడు. ఆమె ఎడమచెయ్యి కింది స్వరం ఒక్కటి తాకింది. అర క్షణం ఆగింది. మిగతా రెండూ పట్టింది. తలుపు తట్టి లోపలికి వచ్చినట్టు.

నలభై రెండు. నేను రాయలేదు. ఆమె చూడలేదు. మేడమ్ పోయినంక ఆ పొద్దున తొమ్మిదింటి దాక మనిషనేవాడు తెరవని పేజీ. పరీక్షాధికారి వేలు పెట్టి చదువుకుంట వచ్చి, నలభై మూడు అడుగున, సరైన చోట పేజీ తిప్పిండు. నేను తిప్పాల్సిన పేజీ. ప్రతి వంకర గీత కాడ తట్టుడు. ఆ తరువాత పాట మళ్ళీ ఉరికింది, అయిపోయింది. నేను పియానో అంచు పట్టుకొని ఉన్న. కొయ్యలో చప్పుడు ఇంకా ఆడుతున్నది. ముసలామె మాట అప్పుడు గుర్తొచ్చింది, బొక్కలకు ఇనవడ్తదని.

పరీక్షాధికారి లేచి వచ్చి, ఎడమచెయ్యి చూపించమన్నడు. ఆమె చూపించింది. నిండు చెయ్యి, పొడుగాటి చిటికెనవేలు. ఇంత వెడల్పు చెయ్యి ఉండి ఆ మూడు స్వరాలు ఎందుకట్ల విరిచి వాయించినవని అడిగిండు. ఆమెకు అర్థం కాలేదు. ఎట్ల వాయించిన సార్ అని నా దిక్కు చూసింది. ఆయన కూడా నా దిక్కే చూసిండు. అటువంటి ప్రశ్నలకు జీతం ఇవ్వరు గనక నేను గోడ చూసిన.

బయట వాళ్ళ నాయన అడిగిండు. "ఎట్లయింది సార్?"

"మంచిగయింది."

"మీ మొఖం గట్ల లేదు."

"నా ముఖం ఎప్పుడూ ఇట్లనే ఉంటది."

మూడు నెలలకు కవరు వచ్చింది. పాసు. కింద పరీక్షాధికారి చేతిరాతతో ఒక మాట, మెల్లని మధ్యభాగం ఎంతో అనుభవమున్న మనిషి వాయించినట్టున్నదని. ఇంక కాగితం మీదికెక్కింది. కాగితం మీద ఉన్నది జరగలేదని నేను అనరాదు.

ఆ సాయంత్రం ఆమెను గదిలో కూర్చోబెట్టి అంతా చెప్పిన. నా తప్పు, చెదలు, పేజీలు. నా కాగితం, అచ్చు పుస్తకం పక్కపక్కన పెట్టిన. ఒక్కో వరుస మీద వేలు పెట్టి చూసింది.

"గిది నేను వాయించిన్నా సార్?"

"వాయించినవ్."

"నేను మీరు రాసిందే వాయించిన. కాగితం లేకుంటె మంచిగొస్తదనిపించేది గని, ఏమొస్తదో నాకు ఎరుక లేదు."

అచ్చు పేజీ చూసి వాయించి చూసింది. కొత్త పిల్ల లెక్క తడబడుకుంట, వేలు వెతుక్కుంట. ఎడమచేతి పెద్ద కూర్పులు మూడు స్వరాలూ ఒక్కసారే పట్టింది. చెయ్యి సరిపోతది మరి. ఎక్కడా తట్టుడు లేదు. ఆమె ఆపి, మెట్ల దిక్కు చూసుకుంట అడిగింది.

"మేడమ్ ఎట్లుంటుండె సార్?"

"గంట కొట్టకముందే వచ్చేది."

"ఇదిప్పుడు నేర్చుకోవాల్నా, వద్దా?"

నాకు తెలియదన్న. నా ఉద్యోగ జీవితంలో మనస్ఫూర్తిగా చెప్పిన జవాబు అదొక్కటే.

"నేర్చుకుంట" అన్నది. "మేడమ్‌ను ఎప్పటికీ నాకోసం రమ్మంటె ఎట్ల? ఆమెకు గూడ జర ఆరామ్ కావాలె గద."

నేర్చుకున్నది. పుస్తకం చూసి, మొదట కాగితంతో, తరువాత కంఠస్థంగా. సొంత చేత్తో. కొత్త ఏడాది ఉద్యోగంలో చేరింది, నేను నా గుమాస్తా కుర్చీలోకి పోయిన. గోడ అవతల నుంచి పాట వినిపించేది, రెండు పేజీలతో సహా. మంచిగుండేది. తట్టుడు లేదు. వినపడుతదేమోనని నేనొక్కణ్ణే ఫైలు మూసి కూర్చునేవాణ్ణి.

ఉద్యోగం వచ్చిన సంతోషంలో వాళ్ళింట్లో భోజనానికి పిలిచిండ్రు. పోయిన. పలక అట్లనే ఉన్నది, ఆమె మా ముందర కూర్చొని ఒకసారి వాయించింది. నాయనమ్మ మంచం కోడు పట్టుకొని కళ్ళు మూసుకొని ఉన్నది. అయిపోయినంక కళ్ళు తెరిచి, నన్ను దగ్గరికి రమ్మని చేయి ఊపి, గట్టిగ అడిగింది.

"గా మెల్లగ కొట్టేటామె ఒస్తలేదేంది బిడ్డా? మీ బళ్ళె ఏమన్న అన్నరా?"